షుగర్, గుండెజబ్బు, వాటి వెనుక కారణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి షుగర్ అని తేలగానే అందరి దృష్టీ ఒక్క అంకె మీదే ఉంటుంది. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత. అది దిగితే గండం గడిచినట్టే అనుకుంటారు. కానీ షుగర్ ఉన్నవాళ్ల ప్రాణం తీసేది చాలాసార్లు గుండెపోటు, లేదంటే పక్షవాతం. వాటిని ఆపాలంటే రక్తంలో చక్కెర ఒక్కటే చూసుకుంటే సరిపోదని గత ఇరవై ముప్పై ఏళ్ల పరిశోధనలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు తీసుకుని, ఏ అధ్యయనంలో ఏం తేలిందో, అది మన కంచానికి, మన మందుల డబ్బాకు ఎలా వర్తిస్తుందో ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి మందులు మీ అంతట మీరు మార్చుకోకండి. మీ డాక్టరును ఏం అడగాలో రాసుకుని వెళ్లండి.

నాకున్నది షుగర్. మరి ఈసీజీ, కొలెస్ట్రాల్, మూత్రపరీక్ష ఎందుకు రాశారు?

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, చేరి పూడిక కడుతుంది. బీపీ తోడైతే ఆ పూడిక ఇంకా త్వరగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు, లేనివాళ్లతో పోలిస్తే సుమారు రెండింతలు. నరాలు మొద్దుబారినవాళ్లకు నొప్పి తెలియకుండానే గుండెపోటు వచ్చిపోవచ్చు. ఆ తర్వాతెప్పుడో తీసిన ఈసీజీలో అది బయటపడుతుంది. ఇక మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా పోతుంటే కిడ్నీతో పాటు గుండె కూడా ముప్పులో ఉన్నట్టే లెక్క.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది డెన్మార్క్‌లో జరిగిన స్టెనో-2 అధ్యయనం. తీసుకున్నది 160 మందినే. అందరికీ షుగర్ ఉంది, మూత్రంలో ఆల్బుమిన్ పోతోంది. సగం మందికి అప్పటి మామూలు వైద్యం చేశారు. మిగతా సగానికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, వ్యాయామం, పొగ మానడం అన్నీ ఒకేసారి పట్టుబట్టి చూశారు. అలా చూసింది ఎనిమిదేళ్ల లోపే. మొదలుపెట్టిన 21 ఏళ్లకు లెక్క తీస్తే ఆ రెండో జట్టువాళ్లు మొదటివాళ్ల కంటే దాదాపు 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. కింద వచ్చే జవాబులన్నిటికీ ఇదే పునాది.

షుగర్ ఎంత దించితే గుండెకు అంత మంచిదా?

జబ్బు కొత్తగా వచ్చిన రోజుల్లో అయితే గట్టిగా అదుపు చేయడమే మంచిది. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అధ్యయనం 1997లో ముగిసింది. ఆ తర్వాత రెండు జట్ల షుగర్ అంకెలూ ఒకటైపోయాయి. అయినా మొదట్లో గట్టిగా అదుపు చేసుకున్నవాళ్లకు పదేళ్ల తర్వాత కూడా గుండెపోట్లు తక్కువగా వచ్చాయని 2008లో తేలింది. సరిగ్గా అదే ఏడాది అమెరికా, కెనడాల్లో అకార్డ్ అధ్యయనానికి ఎదురుదెబ్బ తగిలింది. చాలా ఏళ్లుగా షుగర్ ఉండి, గుండె ముప్పు కూడా ఉన్న 10,251 మందిని తీసుకుని, అందులో సగం మందికి హెచ్‌బీఏ1సీని, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే అంకెను, 6 కంటే కిందికి దించాలని చూశారు. ఆ జట్టులో మరణాలు పెరగడంతో ఆ వైద్యాన్ని మధ్యలోనే ఆపేశారు. అందుకే 75 ఏళ్ల తాతగారికీ, నిన్నమొన్న షుగర్ తేలిన 35 ఏళ్ల మనవడికీ ఒకే లక్ష్యం పెట్టరు. పెద్దవాళ్లలో షుగర్ పడిపోవడం కూడా ప్రమాదమే.

నేను సన్నగానే ఉంటాను. నాకు షుగర్ ఏమిటి?

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ పరిశోధకుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూపుకు ఇద్దరూ సన్నమే. మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది. ఇన్సులిన్ పనిని అడ్డుకునేది అదే. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలైతే, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. అంత తేడా ఉన్నా మన పిల్లల చర్మం కింది కొవ్వు పెద్దగా తగ్గలేదు, తగ్గింది కండ.

అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. యూరప్‌వాళ్లకు ఈ హద్దులు 25, 30. బరువు కంటే ఉపయోగపడే కొలత నడుము. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. ప్యాంటు సైజు చెబితే కుదరదు. పొట్ట ఉన్న మగవాళ్లు ప్యాంటును పొట్ట కిందికి కడతారు కాబట్టి ఆ అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఇదిగాక మరీ బక్కపలచని యువకుల్లో, చిన్నప్పుడు సరైన తిండి అందనివాళ్లలో కనిపించే షుగర్ ఒకటుంది. దాన్ని టైప్ 5 డయాబెటిస్‌గా గుర్తిస్తున్నట్టు 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సదస్సులో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ప్రకటించింది. వెల్లూరు సీఎంసీ వైద్యుల పరిశోధనకు ఇందులో పెద్ద పాత్ర ఉంది.

ఇది పట్నం జబ్బే కదా? పల్లెల్లో పొలం పనులు చేసుకునేవాళ్లకు కూడానా?

ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక్కో మరణానికీ కారణమేమిటో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసిన అధ్యయనం 2006లో వెలువడింది. అందులో 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12 శాతం దగ్గర ఆగిపోయింది. అదే ప్రాంతంలో 30 ఏళ్లు దాటినవాళ్లలో 13 శాతం మందికి షుగర్ ఉన్నట్టు తేలింది. ఇది దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చాక ఒంటికి శ్రమ ఇంకా తగ్గింది.

దేశమంతటి లెక్క కావాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చూడాలి. 2023లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, మరో 13.6 కోట్ల మందికి షుగర్ అంచున ఉన్న స్థితి, పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ.

మనవాళ్లకు గుండెపోటు తొందరగా వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వచ్చింది. మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59. అదే అధ్యయనం, ప్రపంచంలో గుండెపోట్ల ముప్పులో 90 శాతానికి పైగా తొమ్మిది కారణాలతోనే ముడిపడి ఉందని 2004లో తేల్చింది. అవి కొలెస్ట్రాల్ తేడాలు, పొగ, షుగర్, బీపీ, పొట్ట, మానసిక ఒత్తిడి, పళ్లూ కూరగాయలూ చాలకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాటు. వీటిలో దాదాపు అన్నీ ముందుగా కనిపెట్టగలిగినవి, మార్చుకోగలిగినవి. వంశంలో ఉంది కదా, ఏం చేస్తాం అని చేతులెత్తేసేవాళ్లకు ఈ జాబితా చూపించాలనిపిస్తుంది.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. జిమ్‌కు వెళ్తాడు, మంచి తిండి తింటాడు. అక్కడా ఈ ముప్పు ఉంటుందా?

ఉంటుంది. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లోని దక్షిణాసియా కుటుంబాలను 2010 నుంచి పరిశీలిస్తున్న ‘మసాలా’ అనే అధ్యయనంలో 23 శాతం మందికి షుగర్ కనిపించింది. పోల్చి చూసిన తెల్లజాతివాళ్లలో అది 6 శాతం. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశంగా పేర్కొన్నాయి. అక్కడి డాక్టరుకు ఈ సంగతి తెలియకపోతే మీ అబ్బాయే గుర్తుచేయాలి. నాన్నకు, మేనమామకు ఏ వయసులో గుండెపోటు వచ్చిందో కూడా చెప్పాలి.

ఈ జబ్బులకు బీజం తల్లి కడుపులోనే పడుతుందా?

కొంతవరకు అవును. దీనికి గొప్ప సాక్ష్యం మన హైదరాబాద్ పక్కనే ఉంది. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో హైదరాబాద్ శివార్లలోని 29 గ్రామాల్లో ఒక ప్రయోగం జరిగింది. సగం ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. మిగతా ఊళ్లకు ఆ అంగన్‌వాడీ పథకం ఇంకా రాలేదు. అప్పటి పిల్లలు 13–18 ఏళ్లవాళ్లయ్యాక పరిశోధకులు మళ్లీ వెళ్లి రక్తపరీక్షలు చేశారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు పెరిగారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. గుండెజబ్బుల నివారణ అంటే కార్డియాలజిస్టు దగ్గరే మొదలవుతుందనుకుంటాం. నా దృష్టిలో అంగన్‌వాడీ టీచరు కూడా ఆ పనిలోనే ఉన్నారు.

మరో కోణం బ్రిటన్ నుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి చక్కెర రేషన్‌ను అక్కడ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. దానికి కాస్త ముందు, కాస్త తర్వాత పుట్టినవాళ్లను పోల్చి 2024లో సైన్స్ పత్రికలో రాశారు. కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా, అంటే మొదటి వెయ్యి రోజులు, చక్కెర తక్కువగా అందిన పిల్లలకు పెద్దయ్యాక షుగర్ ముప్పు సుమారు 35 శాతం, బీపీ ముప్పు 20 శాతం తగ్గింది. రెండేళ్ల లోపు పిల్లల పాలల్లో చక్కెర కలిపే అలవాటు ఉంటే మానేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్ కాన్పు తర్వాత పోయింది. ఇక భయం లేనట్టేనా?

అలా వదిలేయకూడదు. గర్భధారణలో షుగర్ వచ్చిన స్త్రీలకు తర్వాతి కాలంలో టైప్ 2 షుగర్, అంటే పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం, వచ్చే అవకాశం, రానివాళ్లకంటే దాదాపు పది రెట్లని 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది. కాన్పయిన ఆరు నుంచి పన్నెండు వారాల్లో గ్లూకోజు తాగించి చేసే పరీక్ష ఒకసారి, ఆ తర్వాత క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలి. బిడ్డ పనుల్లో పడి తల్లి పరీక్షే మరుగున పడుతుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు గుర్తుపెట్టుకుని పంపించాలి.

అన్నం మానేయాలా?

మానేయక్కర్లేదు, తగ్గించాలి. 21 దేశాల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2020లో ఈ లెక్క చెప్పింది. రోజుకు 450 గ్రాములు, అంతకంటే ఎక్కువ వండిన తెల్లన్నం తినేవాళ్లకు, 150 గ్రాముల లోపు తినేవాళ్లతో పోలిస్తే షుగర్ ముప్పు 20 శాతం ఎక్కువ. దక్షిణాసియాలో ఆ తేడా 61 శాతం. మనం రెండు పూటలా తినే అన్నం తూచి చూస్తే 450 గ్రాములు ఎంత తేలిగ్గా దాటిపోతామో తెలుస్తుంది.

2025లో వచ్చిన ఇండియాబ్ తిండి అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. మన దేశంలో సగటున రోజువారీ శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. అందులో ఎక్కువ భాగం తెల్లన్నం, పాలిష్ పట్టిన ధాన్యాలు, చక్కెర. ఆ శక్తిలో ఐదు శాతాన్ని పప్పులు, పాలు-పెరుగు, గుడ్లు, చేపల వంటి వాటి ప్రొటీన్‌తో భర్తీ చేస్తే షుగర్ ముప్పు తక్కువగా కనిపించింది. చాలామంది గమనించని సంగతి ఇంకోటి అందులో ఉంది. తెల్లన్నం బదులు అంతే మోతాదులో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తింటే ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండి మొత్తం తగ్గితేనే ఫలితం.

మరి హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2021లో పాత అధ్యయనాలను కూర్చి, చిరుధాన్యాలు తినే షుగర్ రోగుల్లో పరగడుపు షుగర్ 12 శాతం, తిన్నాక 15 శాతం తగ్గిందని చెప్పారు కదా అంటారు. రెండూ పొసగనివేం కావు. కొర్రలు, సామలు గింజగా వండుకుని, మితంగా తింటే మేలు జరగొచ్చు. మెత్తగా పిండి పట్టించి చెంబుడు జావ కాచుకుని తాగితే ఆ పిండి చకచకా రక్తంలోకి ఎక్కుతుంది. రాగిజావ ఎంతైనా తాగొచ్చన్న ప్రచారం వల్ల చాలామందికి షుగర్ ఎందుకు తగ్గడం లేదో అర్థం కావడం లేదు.

కంచంలో మార్పు ఇలా మొదలుపెట్టండి. ఇప్పుడు ముప్పావు కంచం అన్నం, గరిటెడు పప్పు, రెండు చెంచాల కూర పెట్టుకుంటున్నారు. సగం కంచం కూరలతో నింపండి, కప్పుడు గట్టి పప్పో, రెండు గుడ్లో, చేపముక్కలో వేసుకోండి, మిగిలిన చోటే అన్నానిది. ముందు కూర, పప్పు కొంత తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుందని చిన్నచిన్న అధ్యయనాలు చెప్పాయి. ఖర్చు లేని పని, చేసి చూడొచ్చు. పొద్దున ఇడ్లీ బదులు అల్లం పచ్చడితో పెసరట్టు మంచిదే, అందులోకి ఉప్మా వద్దు.

ఊరగాయ లేకపోతే ముద్ద దిగదు. ఉప్పు సంగతేమిటి?

రోజుకు ఉప్పు ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే చెంచాడు, కూరలోదీ, పచ్చడిలోదీ, అప్పడంలోదీ, ఊరమిరపకాయలోదీ అన్నీ కలిపి. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందితో ఐదేళ్లు చేసిన ప్రయోగం 2021లో వెలువడింది. మామూలు ఉప్పు బదులు మూడొంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. ఇక్కడ కూడా ‘లో సోడియం’ ఉప్పు దొరుకుతుంది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్లు దాన్ని డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు. ఆవకాయ విషయంలో నా సలహా ఒక్కటే: పూటకో రకం కాకుండా రోజుకో బద్ద.

బీపీ 140 లోపు ఉంటే చాలు కదా?

ఆ మాట మారుతోంది. 2015లో అమెరికా స్ప్రింట్ అధ్యయనం, పై బీపీని 120 లోపు ఉంచితే 140 లోపు ఉంచినదానికంటే గుండెజబ్బులు పావువంతు తగ్గుతాయని చూపింది. అందులో షుగర్ ఉన్నవాళ్లు లేరు. ఆ ఖాళీని 2024 నవంబరులో చైనా బీప్రోడ్ అధ్యయనం పూరించింది. 12,821 మంది షుగర్ రోగుల్లో 120 లక్ష్యంగా పెట్టుకున్న జట్టుకు గుండెపోటు, పక్షవాతం వంటివి 21 శాతం తక్కువ. కళ్లు తిరగడం, లవణాల్లో తేడా వంటివి కొంత పెరిగాయి కాబట్టి అందరికీ 120 అనడం కుదరదు. అయితే షుగర్ ఉండి బీపీ 145 దగ్గర ఆడుతుంటే, ఈ వయసుకు మామూలే అని సరిపెట్టుకునే రోజులు పోయాయి.

ఇంట్లో కొలిచేటప్పుడు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి. కాళ్లు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. కొలుస్తున్నంతసేపూ మాట్లాడొద్దు. రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి.

షుగర్ పూర్తిగా పోతుందా? యూట్యూబ్‌లో పోతుందంటున్నారు.

తగ్గి, మందులు లేకుండా ఉండే అవకాశం కొందరికి నిజంగానే ఉంది. స్కాట్లండ్‌లో, ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్ ప్రాంతంలో జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో ఆరేళ్ల లోపు షుగర్ ఉన్న 306 మందిని తీసుకున్నారు. సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారమే ఇచ్చారు. ఏడాదికి ఆ సగంలో 46 శాతం మంది మందులు లేకుండా మామూలు స్థితికి వచ్చారు. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో 86 శాతం. రెండేళ్లకు 46 కాస్తా 36 అయింది, బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది. మందులు ఆపిన మూడు నెలల తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటేనే దాన్ని ఉపశమనం అనాలని 2021లో నిపుణులు నిర్ణయించారు. ఏటా పరీక్షలు ఆపకూడదు. ఇన్సులిన్ మీద బతికే టైప్ 1 పిల్లలకు ఇది అస్సలు వర్తించదు. వాళ్లకు ఇన్సులిన్ ఆపించి కషాయాలు ఇచ్చేవాళ్లు ప్రాణాలతో ఆడుకుంటున్నారు.

నాకు షుగర్ అంచున ఉందన్నారు. మాత్ర అవసరమా?

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం అలాంటి 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్‌గా మారడం 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో 26.4 శాతం. రెండూ కలిపితే అదనపు లాభమేమీ రాలేదు. ఇంకో విశేషం, అలవాట్లు మార్చుకున్న జట్టులో బరువు పెద్దగా తగ్గకపోయినా ముప్పు తగ్గింది. కాటా కదలడం లేదని నడక మానేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రోజుకు పదివేల అడుగులు నడవాలా?

ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం రోజుకు 2,000 అడుగులతో పోలిస్తే 7,000 అడుగులు నడిచేవాళ్లలో మరణ ముప్పు 47 శాతం, గుండెజబ్బు ముప్పు 25 శాతం తక్కువ. తిన్నాక ఐదు నిమిషాలు ఇంట్లోనే తిరిగినా షుగర్ పెరుగుదల తగ్గుతుంది. భోజనం చేయగానే నడుం వాల్చే అలవాటు ఉన్నవాళ్లు ముందు వీధి చివరిదాకా వెళ్లిరండి.

బరువు తగ్గే కొత్త ఇంజెక్షన్లు గుండెకు కూడా మంచివా?

సెమాగ్లూటైడ్ విషయంలో గట్టి సాక్ష్యం ఉంది. 2023 నవంబరులో వచ్చిన సెలెక్ట్ అధ్యయనంలో గుండెజబ్బు ఉండి, బరువు ఎక్కువై, షుగర్ మాత్రం లేని 17,604 మందిని తీసుకుని, సగం మందికి వారానికో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు కూడా మేలు చేస్తుందని 2024లో తేలింది. 2025లో ఇలాంటిదే అయిన టిర్జెపటైడ్, బరువు తగ్గించే మోతాదు సెమాగ్లూటైడ్ రెండూ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి.

కానీ పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గడానికి వాడే వస్తువు కాదిది. ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు పరిశోధనల్లో కనబడింది. వాంతులు, వికారం, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. కొవ్వుతో పాటు కండా తగ్గుతుంది. ముందే కండ తక్కువున్న మనకు అది చిన్న విషయం కాదు. ప్రొటీన్ సరిగ్గా తింటూ, బరువులెత్తే వ్యాయామం చేస్తూ, డాక్టరు పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

మూత్రంలోంచి చక్కెర పంపేసే మాత్ర రాశారు. గుండెకు మంచిదన్నారు. ఎలా?

ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఈ కోవలోవి. 2015లో గుండెజబ్బు, షుగర్ రెండూ ఉన్న 7,020 మందిలో ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె మరణాలను 38 శాతం తగ్గించింది. షుగర్ మాత్ర ఒకటి ఇంత పని చేయడం వైద్యులకే ఆశ్చర్యం. 2019లో డాపాగ్లిఫ్లోజిన్, షుగర్ లేని గుండె వైఫల్య రోగులకు కూడా పనిచేసింది. మన దేశంలో 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగియడంతో అరవై రూపాయల మాత్ర పది రూపాయల దరిదాపుల్లోకి వచ్చింది. గుండెజబ్బో కిడ్నీ జబ్బో ఉండి ఇంకా పాత మాత్రలే మింగుతున్నవాళ్లు డాక్టరును తప్పక అడగాల్సిన ప్రశ్న ఇది.

జాగ్రత్తలున్నాయి. జననాంగాల దగ్గర దురద, ఫంగస్ రావచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, కఠిన ఉపవాసాలప్పుడు, ఆపరేషన్‌కు ముందు వీటిని తాత్కాలికంగా ఆపాలి. లేకపోతే రక్తంలో కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పెరిగి ప్రమాదం రావచ్చు. ఏకాదశి అయినా రంజాన్ అయినా ముందే డాక్టరుకు చెప్పండి.

కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే షుగర్ వస్తుందట, ఆపేయనా?

ఆపొద్దు. స్టాటిన్‌లతో, అంటే ఈ కొలెస్ట్రాల్ మాత్రలతో, షుగర్ ముప్పు కొద్దిగా పెరిగే మాట నిజం. 2010 విశ్లేషణలో అది 9 శాతం. అంటే 255 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా ఒక్కరికి షుగర్ వస్తుంది. అదే సమయంలో ఆ మాత్రలు ఐదుకు పైగా గుండె, రక్తనాళాల ఘటనలను ఆపుతాయి. స్టెంట్ వేయించుకుని, వాట్సాప్ సందేశం చూసి స్టాటిన్ మానేసినవాళ్ల గురించి వింటే బాధేస్తుంది.

ముందుజాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవచ్చా?

గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంట్ ఉన్నవాళ్లకు అది తప్పనిసరి. ఏమీ లేని షుగర్ రోగులు సొంతంగా మొదలుపెట్టకూడదు. 15,480 మందితో చేసిన 2018 అసెండ్ అధ్యయనంలో తీవ్రమైన ఘటనలు 12 శాతం తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి.

లైపోప్రోటీన్-ఏ పరీక్ష అంటున్నారు, అదేమిటి?

పుట్టుకతో వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్ రేణువు అది. తిండితో, నడకతో పెద్దగా తగ్గదు. అందుకే జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే చాలు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024 మార్గదర్శకాలు అదే చెప్పాయి. డెసిలీటరు రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా ముప్పులను, ముఖ్యంగా ఎల్‌డీఎల్‌ను, ఇంకా గట్టిగా అదుపు చేయాలి. ఇంట్లో ఎవరికైనా 50 ఏళ్ల లోపే గుండెపోటు వచ్చి ఉంటే ఈ పరీక్ష మర్చిపోవద్దు.

హెచ్‌బీఏ1సీని పూర్తిగా నమ్మొచ్చా?

రక్తహీనత లేకపోతే నమ్మొచ్చు. ఐరన్ లోపం ఉంటే అంకె అసలుకంటే ఎక్కువ చూపించవచ్చు. ఎర్రకణాలు త్వరగా విరిగిపోయే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి ఆడవాళ్ల రిపోర్టు చూసేటప్పుడు హిమోగ్లోబిన్ కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

కుర్రాళ్లు ఆటల్లో, పెళ్లిళ్లలో కుప్పకూలిపోతున్నారు. కోవిడ్ టీకా వల్లేనా?

ఈ ప్రశ్న వెనుక ఎందరో తల్లిదండ్రుల కడుపుకోత ఉంది. అందుకే ఐసీఎంఆర్ దీన్ని పరిశీలించింది. దేశంలోని 47 ఆసుపత్రుల పరిధిలో 18–45 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, వాళ్ల ఈడువాళ్లే అయిన 2,916 మందితో పోల్చారు. టీకాతో ముప్పు పెరగలేదు, రెండు డోసులు వేసుకున్నవాళ్లలో తగ్గింది కూడా. ముప్పు పెరిగింది కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలో, కుటుంబంలో హఠాన్మరణం ఉన్నవాళ్లలో, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగినవాళ్లలో, మత్తుపదార్థాలు వాడినవాళ్లలో, అలవాటుకు మించి తీవ్రంగా శ్రమించినవాళ్లలో. ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా అలా పోయి ఉంటే మిగతా తోబుట్టువులకు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించండి.

గాలి కాలుష్యం, ప్లాస్టిక్ కూడా గుండెను దెబ్బతీస్తాయా?

గాలి సంగతి రుజువైంది. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లోనే, గాలిలో సన్నని ధూళి ఎక్కువున్న చోట ఉండేవాళ్ల మెడ రక్తనాళాల గోడలు మందంగా ఉన్నట్టు తేలింది. ప్లాస్టిక్ మీద 2024లో ఇటలీ పరిశోధకులు, మెడ రక్తనాళాల పూడికలో ప్లాస్టిక్ రేణువులు ఉన్నవాళ్లకు తర్వాతి మూడేళ్ల లోపు గుండెపోటు, పక్షవాతం, మరణాల ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువని చూపారు. అదే కారణమని అది రుజువు చేయలేదు.

ఛాతీలో పట్టేసినట్టుంది. గ్యాసా, గుండెనొప్పా?

ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదిది. సోడా తాగి, వాము నమిలి రాత్రంతా గడిపేసి పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లేసరికి గుండె కండరం చచ్చిపోయి ఉంటుంది. ఛాతీ బరువు, ఎడమ చెయ్యి, దవడ, వీపు లాగడం, చెమటలు, ఆయాసం, ఉన్నట్టుండి నీరసం, వీటిలో ఏదొచ్చినా 108కు ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నొప్పి లేకుండా ఆయాసమో వాంతో మాత్రమే ఉండొచ్చు. బండి నడుపుకుంటూ సొంతంగా వెళ్లొద్దు. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యులు పాటించే నియమం. స్టెంట్ వేసే ఆసుపత్రి రెండు గంటల్లో అందేలా లేకపోతే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గరి ఆసుపత్రిలోనే ఇవ్వొచ్చు, ఎంత త్వరగా పడితే అంత కండరం దక్కుతుంది. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపేస్తుంటే, నొప్పి ఇంకా ఉందని చెప్పి కాసేపాగి మళ్లీ తీయమనండి, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారా అని అడగండి.